తుడిచేసిన గీతలకూ మార్కులుంటాయా? (పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

చిత్రలేఖనం, సంగీతం, నాట్యం నేర్చుకునే పిల్లలు ఏడాది పొడవునా చేసిన పనిని ఫొటోలుగా, శబ్దముద్రణలుగా, వీడియోలుగా భద్రపరచి, ఆ డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఆధారంగానే వారి ప్రగతిని అంచనా వేయవచ్చునని గత సంచికలో రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికివస్తాయనిపించిన వాటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆరు నుంచి పది వరకు అయిదు తరగతులకు, దాదాపు రెండు వందల మందికి నేనొక్కదాన్నే చిత్రలేఖనం చెబుతున్నాను. టర్ము చివర ఒక బొమ్మ వేయించి, దాన్ని చూసి గ్రేడు ఇవ్వడం అలవాటైంది. ఈ ఏడాది డిజిటల్ పోర్ట్‌ఫోలియో పెట్టమని మా ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. ఉన్నది నా ఫోను ఒక్కటే. ఏమి దాచాలి, అంతమందివి ఎప్పుడు చూడాలి?
— ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

సమాధానం: అన్నీ దాచాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఒక్కో విద్యార్థి నుంచి టర్ముకు ఒకే పనిని తీసుకోండి. ఆ పనిలో మాత్రం మూడు దశలు ఉండాలి. మొదటి చిత్తు, మధ్యలో ఒకచోట ఆగి తీసిన ఫొటో, పూర్తయిన బొమ్మ. వాటి పక్కన ఆ విద్యార్థి సొంత మాటల్లో రెండు మూడు వాక్యాలు. ఇంతకు మించి అడిగితే పిల్లలు మొక్కుబడిగా నింపుతారు, మీరు మొక్కుబడిగా చూస్తారు.

మూడు దశలు ఎందుకంటారా? నేను బడిలో చిత్రలేఖనం చెప్పిన రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లల ముందు బల్ల మీద ఒక ఇత్తడి బిందెను పెట్టి, చూసి వేయమన్నాను. ఒక అబ్బాయి మొదటి కాగితం మీద బిందె మూతి నిండు వృత్తంలా ఉంది, అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. మూతి గుండ్రమని వాడికి తెలుసు, బిందె బల్ల మీద కదలకుండా కూర్చుంటుందనీ తెలుసు. తెలిసినదాన్ని వేశాడు తప్ప కళ్లకు కనిపిస్తున్నదాన్ని వేయలేదు. రెండో కాగితం మీద మూతి కోడిగుడ్డులా సాగింది, అడుగు ఇంకా తిన్నగానే ఉంది. మూడోదానిలో అడుగు గీతకు కూడా కొద్దిగా వంపు వచ్చింది. అక్కడ నాలుగైదు సార్లు రబ్బరుతో రుద్దిన మరక కాగితం మీద మసిలా ఉండిపోయింది. ఎందుకు వంచావని అడిగితే, "మూతికి వంపుంటే అడుక్కు ఉండదా సార్?" అన్నాడు. మూడో బొమ్మను ఒక్కదాన్నే చూస్తే అందులో నీడలు కుదరలేదు, మెడ ఒక పక్కకు ఒరిగింది, మామూలు గ్రేడుకు మించి ఇవ్వబుద్ధి కాదు. మూడు కాగితాలనూ వరసగా పరిచి, ఆ ఒక్క మాటనూ పక్కన రాసిపెట్టుకుంటే మాత్రం, ఆ టర్ములో ఆ తరగతిలో అతడి కంటే ఎక్కువ నేర్చుకున్నవారు లేరని అర్థమవుతుంది. రబ్బరు మరకకు మార్కులివ్వడానికి నాకు అప్పట్లో ఏ గడీ లేదు. పోర్ట్‌ఫోలియో ఆ గడిని ఇస్తుంది. అందుకే మధ్య దశ ఫొటో లేని పోర్ట్‌ఫోలియోను నేను పోర్ట్‌ఫోలియోగా లెక్కించను, అది ఆల్బం.

ఇక సమయం సంగతి. ఒక్కొక్కరి పనికి నాలుగు నిమిషాలు పట్టినా రెండు వందల మందికి 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు. టర్ము చివర రెండు రాత్రుల్లో దాన్ని ముగించాలని కూర్చుంటే నూరో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మీ చూపు మొద్దుబారుతుంది. దానికి బదులు తరగతికి వారానికి ఎనిమిది మంది చొప్పున నలభై మందివి చూడండి. వారానికి 2 గంటల 40 నిమిషాలతో అయిదు వారాల్లో అందరివీ పూర్తవుతాయి. పైగా అప్పటికింకా టర్ము నడుస్తూనే ఉంటుంది కాబట్టి మీరు చెప్పిన సలహాతో పిల్లలు ఏదైనా మార్చుకునే వీలుంటుంది.

ఫోను ఒక్కటే ఉన్నా చాలు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఒక బల్లను ఫొటోల కోసమే ఖాయం చేయండి. బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం ముక్క ఉంచి ఫొటో తీస్తే, ట్యూబులైటు వెలుతురులో రంగు మారిందో లేదో తర్వాత ఆ తెలుపును చూసి పోల్చుకోవచ్చు. ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే పిల్లవాడు వేయని వంకర ఫొటోలో కనిపిస్తుంది. తరగతికి ఇద్దరు పిల్లలకు ఈ పని నేర్పితే మీ చేతి మీద భారం తగ్గుతుంది. వేరే ఫోను నుంచి ఎవరైనా వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. ఫైలు పేరులో తరగతి, రోల్ నంబరు, తేదీ, ఎన్నో దశ అన్న నాలుగూ ఉండాలి. మూడు టర్ములకు తొమ్మిది ఫొటోలు, ఫొటోకు మూడు మెగాబైట్లు అనుకున్నా రెండు వందల మందికి 5.4 గిగాబైట్లకు మించదు. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో సులువుగా సరిపోతుంది.

గ్రేడు కోసం కొత్త రిజిస్టరు అక్కర్లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో సహపాఠ్య విషయాల కింద కళలకు మీరు ఎటూ గ్రేడు ఇస్తున్నారు. పోర్ట్‌ఫోలియో దానికి ఆధారంగా ఉంటుంది. పరిశీలన ఎలా ఉంది, పెన్సిలు లేదా రంగుల మీద పట్టు ఎంత, ప్రయత్నించి మార్చుకున్నాడా, తన పని గురించి తాను చెప్పగలుగుతున్నాడా అన్న నాలుగు అంశాలు చాలు. నాలుగోదాని విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాన్ని రాతగానే అడిగితే చక్కగా రాయగలిగిన పిల్లలకు చిత్రలేఖనంలో కూడా గ్రేడు పెరిగిపోతుంది. తండా నుంచి వచ్చే అమ్మాయి ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, రాత తెలుగు దగ్గర తడబడుతుంది. ఆమె తన బొమ్మ పక్కన నిలబడి అర నిమిషం మాట్లాడితే, ఆ గొంతునే ముద్రించి దాచండి. డిజిటల్ పద్ధతి వల్ల కలిగిన అసలు లాభాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

ప్రశ్న: మా కాలంలో పిల్లలు డ్రాయింగు పుస్తకాలు పెట్టేవారు, ఏడాది చివర మేము తిరగేసి సంతకం చేసేవాళ్లం. మీరు చెప్పేది అదే కదా? ఫోను వచ్చినంత మాత్రాన కొత్త పేరు ఎందుకు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

సమాధానం: మీ ఆక్షేపణలో సగం నిజముంది, ఎందుకంటే ఈ ఆలోచన ఫోన్ల కంటే చాలా పాతది. 1980లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు ప్రభుత్వ పాఠశాలలు, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం, ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థ కలిసి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో ఆర్ట్స్ ప్రొపెల్ అనే ప్రయత్నం చేశాయి. చిత్రకళ, సంగీతం, సృజనాత్మక రచన అందులోని మూడు రంగాలు. అందులో పాలుపంచుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ బృందం విద్యార్థి పెట్టెలో మంచి పనులే కాక చిత్తులు, తప్పటడుగులు, తాను రాసుకున్న వ్యాఖ్యలు కూడా ఉండాలని పట్టుబట్టి, దానికి ప్రాసెస్‌ఫోలియో అని విడిగా పేరు పెట్టింది. అప్పుడు అవన్నీ కాగితాలు, అట్టపెట్టెలు, క్యాసెట్లు.

మన డ్రాయింగు పుస్తకంలో ఉండేది పూర్తయిన బొమ్మ. చిత్తు కాగితం చెత్తబుట్టలోకి పోయేది. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షల్లోనూ ఆ పూట ఆ గదిలో చేయి ఎలా నడిచిందన్నదే తెలుస్తుంది. ఆ పరీక్షను తక్కువ చేయడం లేదు, దాని ప్రయోజనం దానికుంది.

ఫోను వల్ల మారిందేమిటో కలంకారీని చూస్తే తెలుస్తుంది. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన కసిమితో నల్ల గీతలు వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక పూసి, తర్వాత రంగునీటిలో ఉడికిస్తారు. ఇందులో ప్రతి దశా దాని ముందు దశను కప్పేస్తుంది. పటిక పూత కంటికి సరిగా కనిపించదు కూడా. గుడ్డ ఉడికి బయటికి వచ్చాక కానీ ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ పట్టలేదో తెలియదు. విద్యార్థి ఏ దశలో పొరబడ్డాడో పూర్తయిన గుడ్డలో వెతికినా దొరకదు, దశలవారీ ఫొటోల్లో దొరుకుతుంది. ముగ్గుల సంగతి చెప్పనే అక్కర్లేదు, పొద్దున వేసింది సాయంత్రానికి ఉండదు. డ్రాయింగు పుస్తకంలో ఇలాంటివాటికి చోటే లేదు.

అయితే ఫొటో ఇవ్వలేనివీ ఉన్నాయి. కాగితం గరుకు, రంగు మందం, అసలు పరిమాణం తెర మీద తెలియవు. చేరియాల నకాషీ పటం ఎంత పొడవో అరచేతిలో ఫోనుకు ఏం తెలుస్తుంది? అందుకే ఒక్కొక్కరివి ఏడాదికి ఒక అసలు పని అయినా బీరువాలో ఉండాలంటాను.

ప్రశ్న: ఒకే పోర్ట్‌ఫోలియోకు ఒక ఉపాధ్యాయుడు 18 ఇస్తే ఇంకొకరు 11 ఇస్తారు. గణితంలో ఈ బాధ లేదు. కళల్లో పోర్ట్‌ఫోలియోతో న్యాయమైన మూల్యాంకనం సాధ్యమేనా?
— కర్నూలు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: గణితంలోనూ ఈ బాధ వచ్చింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 1990ల మొదట్లో రచనకు, గణితానికి రాష్ట్రవ్యాప్తంగా పోర్ట్‌ఫోలియో మూల్యాంకనం ప్రవేశపెట్టినప్పుడు ర్యాండ్ సంస్థ పరిశోధకులు దాన్ని పరిశీలించి, ఒకే పనికి ఇద్దరు పరీక్షకులు వేసే మార్కుల మధ్య పొంతన బాగా తక్కువగా ఉందని తేల్చారు. పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో రకం పని పెట్టడంతో వాటిని ఒకే కొలతతో కొలవడం కష్టమైంది. కాబట్టి మీ అనుమానం కొట్టిపారేయదగినది కాదు.

నేను సూచించే మొదటి జాగ్రత్త, పోర్ట్‌ఫోలియోలోని పనుల్లో ఒకటి అందరికీ ఉమ్మడిగా ఉండడం. అందరూ అదే బిందెను వేయాలి, లేదా అందరూ అదే వర్ణం పాడాలి. మిగిలినవి వారి ఇష్టం. రెండోది, మార్కులు వేసే ముందు ఉపాధ్యాయులంతా ఒకచోట కూర్చుని అయిదారు నమూనాలకు విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చినచోట ఎందుకు వచ్చిందో మాట్లాడుకోవడం. ఒక పూట పోతుంది, కానీ 18కీ 11కీ ఉన్న దూరంలో ఎక్కువ భాగం అక్కడే కరుగుతుంది. ఒకరు శుభ్రతకు, ఇంకొకరు ధైర్యానికి మార్కులు ఇస్తున్నారని అప్పుడే బయటపడుతుంది.

మూడో మార్గం అంతగా తెలియనిది. లూయీ థర్‌స్టోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో ఒక సూత్రం చెప్పాడు: ఒక వస్తువుకు విడిగా విలువ కట్టడం కంటే, రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పడం మనుషులకు సులువు. లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో రిచర్డ్ కింబెల్ బృందం ఈ సూత్రాన్ని డిజిటల్ పోర్ట్‌ఫోలియోలకు అన్వయించింది. పరీక్షకుడి తెర మీద రెండు పోర్ట్‌ఫోలియోలు వస్తాయి, అతడు మార్కులేమీ వేయకుండా మెరుగైనదాన్ని ఎంచుతాడు. ఎందరో ఎన్నో జతలను ఎంచిన తర్వాత లెక్కల ద్వారా వరస తేలుతుంది. నలభై పోర్ట్‌ఫోలియోలు ఉండి, ఒక్కొక్కటి పదిసార్లు పోలికకు రావాలంటే మొత్తం రెండు వందల జతలు. నలుగురు ఉపాధ్యాయులు పంచుకుంటే తలా యాభై. ఇది చేయదగిన పనే. కానీ దీని వల్ల ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేలుతుందే తప్ప, వెనకబడిన పిల్లవాడు ఏం చేయాలో తేలదు. పోటీలకు, కళాశాల ప్రవేశాలకు దీన్ని వాడండి, ఎనిమిదో తరగతి గదిలో వరసలు అక్కర్లేదు.

ప్రశ్న: నేను ఇంటి దగ్గర పిల్లలకు కర్ణాటక సంగీతం, మా చెల్లెలు కూచిపూడి నేర్పుతున్నాము. మా శిష్యుల అభ్యాసాన్ని ఫోనులో ముద్రించి దాచాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— రాజమహేంద్రవరం నుంచి ఒక సంగీత ఉపాధ్యాయిని

సమాధానం: చాలామంది వార్షికోత్సవంలో పాడిన కీర్తనను మాత్రమే దాచుకుంటారు. అందులో మైకు, మృదంగం, చప్పట్లు అన్నీ ఉంటాయి, పిల్ల గొంతు ఎంత ఎదిగిందో మాత్రం వినబడదు. మీరు జూన్‌లో, అక్టోబరులో, ఫిబ్రవరిలో ఒకే సరళీ వరుసను, అదే శ్రుతిలో, మూడు కాలాల్లో (అంటే మూడు వేగాల్లో) పాడించి ముద్రించండి. మూడో కాలంలోకి వెళ్లినప్పుడు స్వరస్థానం జారుతోందా, తాళం పరుగెడుతోందా అన్నది ఆ మూడింటినీ వెంటవెంటనే వింటే పిల్లలకే తెలిసిపోతుంది, మీరు చెప్పనక్కర్లేదు. చాలామంది మొదటిసారి తమ గొంతును తాము అలా విని బిత్తరపోతారు. మొదటి ముద్రణను మీరూ ఆ శిష్యురాలూ మాత్రమే వినండి, మిగతా శిష్యుల ముందు వద్దు.

కొన్ని ఫోన్లు నేపథ్యంలో ఆగకుండా మోగే శబ్దాన్ని రొదగా భావించి తగ్గించేస్తాయి, దానితో తంబూరా శ్రుతి ముద్రణలో మాయమవుతుంది. శ్రుతి లేని ముద్రణను ఆధారం చేసుకుని అపస్వరమని తేల్చడం అన్యాయం. ముందుగా పది సెకన్లు ముద్రించి, శ్రుతి వినబడుతోందో లేదో సరిచూసుకోండి.

నాట్యానికి వచ్చేసరికి ముఖం కోసం దగ్గరికి వెళ్లి పాదాలను వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. అడవులను, అంటే నాట్యంలోని మూల అడుగులను పరీక్షించాలంటే పాదాలు, అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ), చేతుల చివర్లు అన్నీ చట్రంలో ఉండాలి. ఫోను నడుము ఎత్తులో, కదలకుండా ఉండాలి. పైనుంచి తీస్తే అరమండి ఎంత కూర్చున్నారో తెలియదు. అభినయానికి విడిగా ఇంకొక ముద్రణ తీసుకోండి. అతికింపులు వద్దు, ఒకే విడతలో వచ్చింది వచ్చినట్టు ఉంచండి. వీడియో నిమిషానికి వంద మెగాబైట్ల దాకా తినేస్తుంది కాబట్టి రెండు నిమిషాలు మించనివ్వకండి.

ప్రశ్న: మా పాప చదివే బడిలో పోర్ట్‌ఫోలియో పేరుతో పిల్లల నాట్యం వీడియోలు, పేర్లతో సహా, బడి సామాజిక మాధ్యమాల పేజీలో పెడుతున్నారు. వద్దంటే మిగతా తల్లిదండ్రులు సంతోషంగా ఉన్నారంటున్నారు.
— ఒక తల్లి, హైదరాబాదు

సమాధానం: మీరు వద్దనడం సబబే. పోర్ట్‌ఫోలియో పరీక్ష జవాబుపత్రం లాంటిది. దాన్ని విద్యార్థి, ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు చూస్తారు, వీధిలో అంటించరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లి, తండ్రి లేదా సంరక్షకుల నుంచి సరిచూసుకోదగిన సమ్మతి ఉండాలని చెబుతోంది. ఇతరుల సంతోషం మీ సమ్మతి కాదు. మూల్యాంకనం కోసం దాచడానికి ఒప్పుకుంటున్నామని, బహిరంగంగా పెట్టడానికి ఒప్పుకోవడం లేదని రెండింటినీ వేరు చేస్తూ రాతపూర్వకంగా ఇవ్వండి. ఇప్పటికే పెట్టినవాటిని తొలగించమని అదే కాగితంలో కోరండి, నకలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడి హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సు) ఆర్ట్ అండ్ డిజైన్ తీసుకుంది. రాత పరీక్ష లేదట, అన్నీ ఫొటోలేనట. ఇలాగైతే బొమ్మ ఇంకెవరో వేసినా, కృత్రిమ మేధతో చేయించినా ఎలా తెలుస్తుంది?
— డాలస్ నుంచి ఒక తెలుగు తల్లి

సమాధానం: కాలేజ్ బోర్డ్ నడిపే ఆ కోర్సులో రాత పరీక్ష లేని మాట నిజమే. పోర్ట్‌ఫోలియోలో రెండు భాగాలు ఉంటాయి. ఒక ప్రశ్నను పట్టుకుని చాలాకాలం సాగించిన అన్వేషణను చూపే 15 చిత్రాలకు 60 శాతం, ఎంపిక చేసిన అయిదు పనులకు 40 శాతం. ఎక్కువ బరువు ఎటు ఉందో చూడండి. ఆ పదిహేనింటిలో పూర్తయినవే ఉండనక్కర్లేదు, ప్రయోగాలు, మార్పులు కనిపించాలి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టిందో, దారిలో పని ఎలా మారిందో మీ అమ్మాయే రాయాలి. కృత్రిమ మేధ ఉపకరణాలను సృజన ప్రక్రియలో ఏ దశలోనూ వాడకూడదని కాలేజ్ బోర్డ్ స్పష్టంగా నిషేధించింది.

ఇక ఎలా తెలుస్తుందన్నదానికి, పూర్తయిన బొమ్మను చూసి చెప్పడం నానాటికీ కష్టమవుతోంది. నెలల తరబడి తేదీలతో సహా నడిచిన చిత్తులను కల్పించడం అంతకంటే కష్టం, వాటి గురించి ఉపాధ్యాయిని ఎదుట అయిదు నిమిషాలు మాట్లాడడం ఇంకా కష్టం. నిజానికి మన దగ్గర కృత్రిమ మేధ రాకముందే ఈ సమస్య ఉంది. సైన్సు ఫెయిరు నమూనాలు, బొమ్మల పోటీ చిత్రాలు ఎన్నిటిని అన్నలు, నాన్నలు పూర్తి చేయలేదు! మధ్య దశ ఫొటోను ఇంట్లో కాకుండా తరగతిలోనే తీయించాలని మొదటి సమాధానంలో నేను కిటికీ పక్కన బల్లను వేయించింది అందుకే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా టీచరు జూన్ నుంచి బొమ్మల ఫొటోలు తీయించి డ్రైవ్‌లో పెట్టిస్తున్నారు. మొదట్లో వేసినవి చూస్తే సిగ్గుగా ఉంది. తీసేయవచ్చా?
— శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక విద్యార్థి

సమాధానం: తీసేయవద్దు. అది నీ పని కాబట్టి ఎవరెవరు చూడవచ్చునో మీ టీచరుతో మాట్లాడి, పాతవాటిని మీ ఇద్దరికే కనిపించేలా పెట్టించుకో. జూన్‌లో వేసినవాటిలో నీకు అన్నిటికంటే సిగ్గనిపించేదాన్ని ఎంచుకుని, ఆ వస్తువునే ఎదురుగా పెట్టుకుని, పాత బొమ్మ వైపు చూడకుండా ఈ వారం మళ్లీ వెయ్యి. రెండింటినీ పక్కపక్కన ఉంచి, ఎక్కడెక్కడ నీ చేయి వేరుగా వెళ్లిందో మూడు వాక్యాలు రాసి జతచెయ్యి. కొత్తదాని మీద తేదీ వేయడం మరిచిపోకు.